మిగ్ వెల్డింగు: ఇంటిలో తొలి పాఠాలు

లోహాన్ని లోహంతో అతికే విద్య తెలుగునాట తరతరాలుగా ఉన్నదే. బండిచక్రానికి ఇనుప కట్టు వేసే కమ్మరి, ఆ కట్టు రెండు కొసలను కొలిమిలో తెల్లగా కాల్చి, దాగలి మీద ఒకదానిపై ఒకటి ఉంచి, సుత్తిదెబ్బలతో ఏకం చేసేవాడు. తెగిన గొలుసును బాగుచేసే స్వర్ణకారుడు అతుకు వద్ద వెలిగారం పూసి, ఆవగింజంత టంకం పెట్టి, మంటను ఊదుగొట్టంతో దానిమీదికి మళ్ళించేవాడు. ఇక పట్టణాలలో రోడ్డు పక్క వెల్డింగు షాపువాడు కిటికీ గ్రిల్లులను, గేట్లను రాడ్డు పట్టుకొని మిరుమిట్లు గొలిపే వెలుగులో అతుకుతాడు. చూపరులకు మూడూ అతుకులే. శాస్త్రదృష్టితో చూస్తే మూడింటికీ పోలిక తక్కువ. కమ్మరి పనిలో ఇనుము కరగదు. మెత్తబడిన రెండు ముఖాలు దెబ్బల ఒత్తిడికి ఒకటవుతాయి. స్వర్ణకారుని పనిలో టంకం కరుగుతుంది గాని గొలుసు కరగదు. కరిగిన టంకం బంగారాన్ని తడిపి, రెండు కొసలను పట్టి ఉంచుతుంది. వెల్డింగులో రెండు ముక్కల అంచులూ కరిగి, పైనుంచి వచ్చే పూరక లోహంతో కలిసి ఒకే మడుగు అవుతాయి. ఆ మడుగు గడ్డకట్టిన తరువాత మూడింటికీ మధ్య హద్దు అంటూ ఉండదు.

ఈ భేదాన్ని ముందుగా చెప్పవలసిన కారణమొకటి ఉన్నది. ఇంటిలో నేర్చుకొనదలచినవారికి నేడు అందుబాటులో ఉన్న సులభమైన పద్ధతి మిగ్ వెల్డింగు. అమెరికాలో గరాజు ఉన్న ఇంటివారు హార్డువేరు దుకాణంలో యంత్రాన్ని కొని తెచ్చుకొని, ఆ సాయంత్రానికే రెండు ఇనుప ముక్కలను అతికి ఇంటిల్లిపాదికీ చూపవచ్చును. రాడ్డు వెల్డింగులో చేయి తిరగడానికి వారాలు పడితే, ఇందులో ఒక పూటలోనే వరస తిన్నగా వస్తుంది. చిక్కు కూడా అక్కడే ఉన్నది. చూడడానికి చక్కని వెల్డులా ఉండి, లోపల టంకం పాటి పట్టు కూడా లేని అతుకును ఇంత సునాయాసంగా తయారుచేసే పద్ధతి మరొకటి అరుదు.

పేరు వెనుక కథ

మిగ్ అనగా మెటల్ ఇనర్ట్ గ్యాస్. కరిగే లోహపు తీగ, దాని చుట్టూ జడవాయువు అనే రెండు అంశాలనూ ఆ పేరే చెబుతుంది. కరిగిన ఇనుము గాలికి ఓర్వదు. గాలిలోని ఆక్సిజను దానిని ఆక్సైడుగా మార్చుతుంది. నైట్రొజను దానిలో కరిగి, లోహం గడ్డకట్టే వేళ బయటపడలేక బుడగలై చిక్కుకుంటుంది. అటువంటి వెల్డు మీద అట్టు మీది చిల్లులవంటి రంధ్రాలు కనిపిస్తాయి. రాడ్డు వెల్డింగులో రాడ్డుపై ఉన్న పూత మండి, కొంత వాయువుగా, కొంత చిట్టెంగా మారి మడుగును కాపాడుతుంది. మిగ్ పద్ధతిలో ఆ కాపలా సిలిండరులోని వాయువుది. ఆర్గాన్ ఇందుకు తగినది. 1894లో ర్యాలీ, రామ్సే అనే శాస్త్రజ్ఞులు గాలిలో కనుగొన్న ఈ వాయువు వేటితోనూ సంయోగం చెందకపోవడం చూసి, గ్రీకు భాషలో సోమరి అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఏ పనీ చేయకపోవడమే ఒక వస్తువుకు యోగ్యత కావడం లోకంలో తరచుగా జరగదు.

ఈ పద్ధతి 1948లో ఒహాయో రాష్ట్రం కొలంబస్ నగరంలోని బాటెల్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఎయిర్ రిడక్షన్ కంపెనీ ప్రోత్సాహంతో రూపొందినది. మొదట అది అల్యూమినియం వంటి లోహాలకే పనికివచ్చినది. చవకైన ఇనుముకు ఖరీదైన జడవాయువు గిట్టుబాటు కాలేదు. 1953లో సోవియట్ శాస్త్రజ్ఞులు లుబావ్‌స్కీ, నొవోజిలోవ్‌లు కార్బన్ డయాక్సైడుతో ఇనుమును అతకవచ్చునని చూపారు. 1950ల చివర సన్నని తీగతో, తక్కువ వేడితో పనిచేసే షార్ట్ సర్క్యూట్ విధానం వచ్చినది. నేటి గృహయంత్రాలన్నీ ముఖ్యంగా ఈ విధానంతోనే పనిచేస్తాయి. వాటికి సాధారణంగా వాడే వాయువు 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడు కలిసిన మిశ్రమం. రెండవది జడవాయువు కాదు కనుక శాస్త్రం ప్రకారం ఈ పేరు తప్పే. దుకాణాలలో మాత్రం మిగ్ అనే మాటే స్థిరపడిపోయినది.

యంత్రం పని చేసే తీరు

గన్ మీది మీట నొక్కగానే వాయువు ప్రవహించడం, తీగ ముందుకు సాగడం, ఆ తీగలో విద్యుత్తు ప్రవహించడం ఒక్కసారే మొదలవుతాయి. తీగ కొస ఇనుమును తాకినచోట ఆర్క్, అనగా విద్యుత్ చాపం, వెలుగుతుంది. తీగ కరిగిన కొద్దీ చుట్ట నుంచి కొత్త తీగ వస్తూనే ఉంటుంది. ఈ యంత్రంలోని తెలివి అంతా వోల్టేజి స్థిరంగా ఉండడంలో ఉన్నది. నేర్చుకొనేవారి చేయి వణికి గన్ కొద్దిగా పైకి పోయినదనుకొందాం. ఆర్క్ పొడవు పెరిగి కరెంటు తగ్గుతుంది, తీగ నెమ్మదిగా కరుగుతుంది. అదే వేగంతో వస్తున్న తీగ మళ్ళీ మడుగుకు దగ్గరవుతుంది. చేయి కిందికి దిగితే దీనికి విరుద్ధంగా జరుగుతుంది. రాడ్డు వెల్డరు ఏళ్ళ తరబడి మణికట్టుకు నేర్పే పనిని ఇక్కడ భౌతికశాస్త్రమే చేసిపెడుతుంది.

షార్ట్ సర్క్యూట్ విధానంలో ఇంకొక విశేషం ఉన్నది. తీగ కొస మడుగును తాకగానే ఆర్క్ ఆరిపోతుంది; కరెంటు ఒక్కసారిగా పెరిగి, ఆ కొస కరిగి తెగి మడుగులో పడుతుంది; మళ్ళీ ఆర్క్ వెలుగుతుంది. సెకనుకు పదులసార్లు, ఒక్కొక్కప్పుడు రెండువందలసార్ల దాకా ఇది జరుగుతుంది. అందుకే సరిగా అమర్చిన యంత్రం మూకుడులో పకోడీలు వేగుతున్నట్లు ఎడతెగని చిటపట ధ్వని చేస్తుంది. తీగ గన్‌ను వెనక్కి తంతున్నట్లు అనిపిస్తే తీగ వేగం ఎక్కువ, లేదా వోల్టేజి తక్కువ. చిటపట పోయి బుస్సుమనే శబ్దం వచ్చి, తీగ కొసన పెద్ద బొట్టు వేలాడితే వోల్టేజి ఎక్కువ. అనుభవజ్ఞులు చాలామంది కంటితో కంటె చెవితోనే ముందుగా తప్పును పట్టుకుంటారు.

అభ్యాసకుని చేతిలో ఉన్నవి రెండే మరలు. ఒకటి వోల్టేజి, రెండవది తీగ వేగం. తీగ వేగమే కరెంటును నిర్ణయిస్తుంది. ఇనుపరేకు మందంలో అంగుళపు వెయ్యోవంతు ఒకటికి ఒక ఆంపియరు చొప్పున కావాలని ఒక మోటు లెక్క. ఎనిమిదోవంతు అంగుళపు ప్లేటు 0.125 అంగుళాలు కనుక 125 ఆంపియర్లు. 0.030 అంగుళాల తీగకు ఒక్కొక్క ఆంపియరుకు నిమిషానికి 2 అంగుళాల తీగ పడుతుంది; అనగా నిమిషానికి 250 అంగుళాలు, దాదాపు 21 అడుగులు. పది పౌన్ల తీగ చుట్టలో సుమారు 4,100 అడుగులకు పైగా తీగ ఉంటుంది. ఆ వేగంతో అది మొత్తం మీద మూడు గంటల ఇరవై నిమిషాల ఆర్క్‌కు సరిపోతుంది. ఇంటి అభ్యాసంలో సింహభాగం కోయడం, రుద్దడం, చూడడంలో గడుస్తుంది కనుక ఒక చుట్ట నెలల తరబడి వస్తుంది.

గోడమీద పిడక

ఇప్పుడు అసలు విషయం. 0.030 అంగుళాల తీగ చాలా సన్ననిది. నూరు ఆంపియర్లు దానిలో ప్రవహిస్తే అది కరిగి తీరుతుంది. దాని కింద ఉన్న ప్లేటు కరగాలనే నియమం మాత్రం లేదు. ఇనుము వేడిని తన ఒంటిలోకి లాగేసుకొంటుంది. ప్లేటు ఎంత మందంగా ఉంటే ఆర్క్ పడినచోటి నుంచి వేడి అంత త్వరగా పక్కలకు పారిపోతుంది. పైగా షార్ట్ సర్క్యూట్ విధానంలో ఆర్క్ క్షణక్షణమూ ఆరుతూ ఉంటుంది. యంత్రం మాత్రం లెక్క ప్రకారం తీగను పోస్తూనే ఉంటుంది. ఫలితంగా కరిగిన తీగ కరగని ప్లేటు మీద చక్కగా పరచుకొని గడ్డకడుతుంది. వెల్డర్లు దానిని కోల్డ్ ల్యాప్ అంటారు. గోడకు కొట్టిన పిడక చూడడానికి గోడలో భాగంలాగానే ఉంటుంది. గోళ్ళతో పట్టి లాగితే పూర్తిగా ఊడివస్తుంది. ఇదీ అంతే.

రాడ్డు వెల్డింగులో కరెంటు చాలకపోతే రాడ్డు ప్లేటుకు అంటుకుపోయి పని ఆగిపోతుంది. తప్పు జరిగినట్లు వెంటనే తెలుస్తుంది. మిగ్ తప్పు చేసినప్పుడు కూడా నవ్వుతూనే ఉంటుంది. ఇది కొత్తవారి బెదురు మాత్రమే కాదు. 1919లో స్థాపితమైన అమెరికన్ వెల్డింగ్ సొసైటీ ప్రచురించే నిర్మాణ ఉక్కు నియమావళి డి1.1, కొన్ని వెల్డింగు పద్ధతులను నిర్ణీత హద్దులలో చేస్తే ముందస్తు పరీక్ష అక్కరలేకుండా అంగీకరిస్తుంది. షార్ట్ సర్క్యూట్ మిగ్‌కు ఆ మినహాయింపు లేదు. నమూనా అతుకును చేసి, పరీక్షించి, నిరూపించిన తరువాతనే దానిని వాడనిస్తారు. వృత్తిలో ఉన్నవారినే కంటిచూపుతో నమ్మని పద్ధతిని, గరాజులో మొదటి నెల అభ్యాసకుడు కంటిచూపుతో నమ్మడం ఎట్లు?

ఇంటి విద్యుత్తు, ఇంటి యంత్రం

వేడి ఎంత కావాలో తెలిస్తే ఎటువంటి యంత్రం కొనాలో తేలుతుంది. 125 ఆంపియర్లు, 18 వోల్టులు అంటే 2,250 వాట్లు. వంటింటి విద్యుత్ పొయ్యిలో పెద్ద కన్ను ఇచ్చే వేడికి ఇది దాదాపు సమానం. ఇక్కడ అదంతా శనగగింజంత చోట పడుతుంది. అమెరికా ఇళ్ళలోని మామూలు 120 వోల్టుల ప్లగ్గు 20 ఆంపియర్ల మార్గం మీద ఉంటే అది ఇవ్వగలిగినది 2,400 వాట్లు. యంత్రంలో జరిగే నష్టాన్ని కూడా కలుపుకొంటే ఆ మార్గం చాలదు. అందుచేత 120 వోల్టుల యంత్రానికి ఎనిమిదోవంతు అంగుళపు ఇనుమే పొలిమేర అనుకోవాలి. పావు అంగుళపు ప్లేటు అతకదలచినవారికి 240 వోల్టుల యంత్రం, దానికి తగిన ప్లగ్గు అవసరం. ఆ తీగలు వేసే పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనుది. సన్నని ఎక్స్‌టెన్షన్ తీగ ద్వారా వెల్డింగు యంత్రాన్ని నడిపితే వోల్టేజి పడిపోయి పిడకలే వస్తాయి, తీగ కూడా వేడెక్కుతుంది. యంత్రం మీద రాసి ఉండే డ్యూటీ సైకిల్ అనే సంఖ్యను కూడా చదవాలి. 20 శాతం అంటే పది నిమిషాలలో రెండు నిమిషాలు వెల్డు, ఎనిమిది నిమిషాలు విశ్రాంతి.

తీగలలో ఇ.ఆర్.70ఎస్-6 అనే రకం కొత్తవారికి మంచిది. 70 అనేది చదరపు అంగుళానికి 70,000 పౌన్ల బలాన్ని సూచిస్తుంది. చివరి 6 అనే అంకె గల తీగలో సిలికాన్, మాంగనీసు పాళ్ళు ఎక్కువ కనుక కొద్దిపాటి తుప్పును అది సహిస్తుంది. సిలిండరు ఖర్చు పెట్టలేనివారు లోపల పూత నింపిన ఫ్లక్స్ కోర్ తీగను వాయువు లేకుండా వాడుకొంటారు. అప్పుడు యంత్రం లోపలి ధన, ఋణ ధ్రువాలను తారుమారు చేయాలి. వాయువుతో వాడే గట్టి తీగకు గన్ ధనధ్రువం. వాయువు లేని ఫ్లక్స్ కోర్ తీగకు గన్ ఋణధ్రువం. యంత్రం చెడిపోయినదని దుకాణానికి తిరిగి తీసుకువెళ్ళేవారిలో కొందరి దోషం ఈ ఒక్క మార్పు మరచిపోవడమే.

ముందు జాగ్రత్తలు

తెలుగు పట్టణాల వీధులలో చెప్పులు, లుంగీ, నల్లకళ్ళద్దాలతో వెల్డింగు చేసేవారిని చూసినవారు అది చాలుననుకోరాదు. ఆర్క్ నుంచి వెలువడే అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాల్చుతాయి. నొప్పి వెంటనే తెలియదు. కొన్ని గంటల తరువాత, సాధారణంగా నిద్రపోయే వేళకు, కళ్ళలో ఇసుక పోసినట్లు మంట, నీరు కారడం మొదలవుతాయి. ఇంటి అభ్యాసానికి 10 లేదా 11 నంబరు నీడ గల హెల్మెట్ కావాలి. ఆర్క్ వెలగగానే తనంతట తాను నల్లబడే హెల్మెట్లు సెకనులో పదివేలవ వంతు కంటె తక్కువ కాలంలో ఆ పని చేస్తాయి. నల్లబడకముందు కూడా అవి అతినీలలోహిత కిరణాలను ఆపుతూనే ఉంటాయి. పక్కన నిలబడి చూసే పిల్లల సంగతి ముఖ్యం. ఆ వెలుగు పిల్లలను దీపావళి మతాబులా ఆకర్షిస్తుంది. తలుపు మూసి ఉండాలి, లేదా చూసే ప్రతివారికీ హెల్మెట్ ఉండాలి. మూడవ మార్గం లేదు. ఇండియా నుంచి వచ్చి ఉన్న పెద్దలలో పేస్‌మేకర్ అమర్చినవారుంటే, వైద్యుని అడగకుండా యంత్రం దరిదాపులకు రానివ్వరాదు.

దుస్తులు నూలువి, పొడుగు చేతులవి కావాలి. నైలాను, పాలియెస్టరు రవ్వ పడినచోట కరిగి చర్మానికి అంటుకొంటాయి. తోలు చేతొడుగులు, తోలు బూట్లు తప్పనిసరి. ప్యాంటు అంచు మడతపెడితే రవ్వలు అందులో దూరి కూర్చుంటాయి.

గరాజు ఒక విధంగా ఇంటి అటక. అట్టపెట్టెలు, పాత సూటుకేసులు, గడ్డి కోసే యంత్రంలో పెట్రోలు, రంగుల డబ్బాలు, ఒక మూల గ్యాసుతో నడిచే నీళ్ళ హీటరు, అన్నీ అక్కడే. రవ్వలు 35 అడుగుల దాకా పోగలవని అమెరికా భద్రతా నిబంధనలు లెక్క కడతాయి. అంత చోటు గరాజులో ఉండదు కనుక మండేవాటిని బయటకు చేర్చడమో, యంత్రాన్నే గరాజు ముందరి సిమెంటు నేల మీదికి తేవడమో చేయాలి. పని ముగిశాక కనీసం అరగంట, వీలయితే గంట అక్కడే ఉండి చూడాలి. అట్టపెట్టె వెనుక దూరిన రవ్వ నిదానంగా రాజుకుంటుంది. అగ్నిమాపక సిలిండరు చేతికందే చోట ఉండాలి. పెట్రోలు గాని నూనె గాని నిలువ చేసిన డబ్బాను, అది ఎంత కడిగినదైనా, ఇంటిలో ఎన్నడూ అతకరాదు.

పొగ విషయంలో రెండు హెచ్చరికలు ప్రత్యేకమైనవి. జింకు పూత గల గొట్టాలను అతికితే తెల్లని పొగ వస్తుంది. దానిని పీల్చినవారికి ఆ రాత్రి చలిజ్వరం వంటిది వస్తుంది. పూతను అతుకుకు ఇరువైపులా గీకివేయాలి, లేదా ఆ ఇనుమునే మానుకోవాలి. రెండవది ఇంకా ప్రమాదకరం. కారు బ్రేకులను శుభ్రం చేసే కొన్ని స్ప్రేలలో క్లోరిన్ కలిసిన ద్రావకాలు ఉంటాయి. వాటితో తుడిచిన ఇనుము మీద ఆర్క్ పడితే ఫాస్జీన్ పుట్టవచ్చును. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులపై ప్రయోగించిన విషవాయువు అదే. తలుపులు తెరచి ఉంచాలి. అయితే గాలి నేరుగా గన్ మీదికి వీస్తే కాపలా వాయువు చెదిరి అట్టుచిల్లులు వస్తాయి. గాలి పక్కనుంచి పోయేటట్లు నిలబడడం కూడా నేర్చుకోవలసిన విద్యే. సిలిండరును గొలుసుతో గోడకు కట్టాలి. నిండు సిలిండరులో చదరపు అంగుళానికి రెండువేల పౌన్లకు పైగా ఒత్తిడి ఉంటుంది. అది పడి మూతి విరిగితే ఆపగలిగేది లేదు.

అభ్యాసం

మొదటి ఇనుము పాత కారు కారాదు, ట్రైలరు అసలే కారాదు. ఎనిమిదోవంతు అంగుళపు పట్టీ ఇనుమును ఆరంగుళాల ముక్కలుగా కోసి పెట్టుకొంటే చాలు. దానిపై ఉండే నల్లని పొరను గ్రైండరుతో తీసి, మెరిసేదాకా రుద్దాలి. ఎర్త్ క్లాంపు పట్టే చోటును కూడా అట్లాగే శుభ్రం చేయాలి. రంగు మీద క్లాంపు తగిలించి యంత్రాన్ని తిట్టుకొనేవారు తక్కువ కాదు.

గన్ మూతి నుంచి బయటకు పొడుచుకొని ఉండే తీగ పావు అంగుళం నుంచి అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల దాకా ఉండాలి. అది పెరిగిన కొద్దీ కరెంటు తగ్గి, వేడి తగ్గుతుంది. కొత్తవారి చేయి వేడికి జంకి పైకి జరగడం వలన జరిగేది ఇదే. వాయువు గంటకు 20 నుంచి 25 ఘనపుటడుగులు. గన్‌ను 10 నుంచి 15 డిగ్రీలు వాల్చి నడపాలి. ఆర్క్ వెలుగును చూడరాదు. మడుగు ముందరి అంచును చూడాలి. ఆర్క్ ఆ అంచు మీద ఉంటే కింది ఇనుము కరుగుతుంది. అది మడుగు నడుమకు జారితే, కరిగిన లోహమే పరుపులా అడ్డుపడి, వేడిని ప్లేటుకు చేరనివ్వదు. నెమ్మదిగా నడిస్తే వెల్డు గట్టిగా వస్తుందని అనుకోవడం సహజం గాని, అతి నెమ్మది కూడా పిడకనే ఇస్తుంది.

రెండు ముక్కలను పూర్తిగా అతికే ముందు అక్కడక్కడ చిన్న ట్యాకులు వేయాలి. దర్జీ ముందు వేసే పచ్చికుట్టువంటివి ఇవి. వెల్డు చల్లారేటప్పుడు కుంచించుకొని ముక్కలను తన వైపు లాగుతుంది. ట్యాకులు లేకపోతే తొంబై డిగ్రీల మూల ఎనభై ఐదుకు దిగుతుంది. మొదట చదునైన ప్లేటు మీద వరసలు, తరువాత ఒకదానిపై ఒకటి పరచిన ముక్కలు, తరువాత టీ ఆకారపు అతుకు, ఈ క్రమం మంచిది. టీ అతుకులో గన్ రెండు ముక్కలకూ సరిగా మధ్య, 45 డిగ్రీల వద్ద ఉండాలి. పరచిన ముక్కల అతుకులో పై ముక్క అంచు త్వరగా కరుగుతుంది కనుక వేడిని కింది ముక్క మీదికే ఎక్కువ మళ్ళించాలి.

విరిచి చూడడం

గల్ఫ్ దేశాల నౌకాశ్రయాలలో, చమురు శుద్ధి కర్మాగారాలలో పనిచేసిన తెలుగు వెల్డర్లకు ట్రేడ్ టెస్టు అనే మాట పరిచితమే. ఉద్యోగం ఇచ్చే ముందు ప్లేటు చేతికిచ్చి అతకమంటారు. తరువాత ఆ అతుకును కోసి వంచుతారు, లేదా ఎక్స్‌రే తీస్తారు. పైకి కనిపించే అందానికి అక్కడ మార్కులు కొద్దే. ఇంటి అభ్యాసకునికి ఎక్స్‌రే లేదు గాని, బెంచ్ వైస్, సుత్తి, రంపం ఉన్నవి. అవి చాలు.

టీ అతుకును ఒక్క వైపు మాత్రమే వెల్డు చేసి చల్లారనివ్వాలి. అడుగు ముక్కను వైస్‌లో బిగించి, నిలువు ముక్కను వెల్డు లేని వైపు నుంచి కొట్టి, వెల్డు ఉన్న వైపుకు వాల్చాలి. అప్పుడు అతుకు మొదలు తెరుచుకొంటుంది. కళ్ళద్దాలు మరువరాదు. మంచి అతుకైతే నిలువు ముక్క వంగి పడుకొంటుంది గాని వెల్డు విడిపోదు. ఎంతో బలప్రయోగం మీద విడిపోయినా, వెల్డు నడుమ బూడిదరంగుతో గరుకుగా చీలుతుంది. పిడక అయితే రెండు మూడు దెబ్బలకే ఒక ముక్కనుంచి వరస మొత్తం ఊడివస్తుంది. ఊడినచోట చూస్తే, వెల్డుకు ముందు గ్రైండరు గీసిన గీతలు చెక్కుచెదరకుండా ఉంటాయి. అనగా ఆ ఇనుము ఒక్క క్షణం కూడా కరగలేదు. ఎన్ని పుస్తకాలు చదివినా కలగని నమ్మకం ఆ గీతలను ఒక్కసారి చూస్తే కలుగుతుంది.

రెండవ పరీక్ష మరింత సూక్ష్మమైనది, ఇంటిలో హైస్కూలు చదివే పిల్లలుంటే వారికి లోహశాస్త్రంలో మంచి పాఠం కూడా. అతుకును అడ్డంగా రంపంతో కోసి, కోసిన ముఖాన్ని ఆకురాయితో చదును చేసి, 80, 220, 400 నంబర్ల గరుకు కాగితాలతో వరుసగా రుద్దాలి. చేతొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకొని, ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులను చెక్కడానికి వాడే ఫెర్రిక్ క్లోరైడు ద్రావణాన్ని దూదితో ఆ ముఖంపై అద్ది, కొద్దిసేపటికి నీటితో కడగాలి. అంతవరకు ఒకే మెరుపుతో ఉన్న ముఖం మీద వెల్డు హద్దు, దాని చుట్టూ వేడికి మారిన ఇనుపపట్టీ వేరువేరు ఛాయలలో తేలుతాయి. వెల్డు హద్దు రెండు ముక్కల అసలు అంచులను దాటి లోపలికి దిగినదా, మూల దాకా చేరినదా అనేవి చూడాలి. ఒక వైపు దిగి రెండవ వైపు అంచు తిన్నగా గీత గీసినట్లుంటే, గన్ ఒక ముక్క వైపు మొగ్గినదని అర్థం. వోల్టేజి ఒక మెట్టు పెంచి మరొక ముక్కను అతికి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ ఒక్క మెట్టు ఎంత లోతు తెచ్చినదో కొలబద్దతో కొలవవచ్చును.

ఇట్లు కోసిన ప్రతి ముక్క మీద ప్లేటు మందం, వోల్టేజి, తీగ వేగం, తేదీ పెయింటు పెన్నుతో రాసి, నూనె చేయి తుడిచి గోడకు మేకు కొట్టి తగిలించుకోవడం మంచి అలవాటు. యంత్రం తలుపు లోపల ముద్రించిన పట్టిక సగటు యంత్రానికి రాసినది. ఈ ముక్కలు ఆ ఇంటి కరెంటుకు, ఆ చేతికి రాసినవి. వాటిలో వరుసగా పది ముక్కలు విరగకుండా వంగిన తరువాత పూలకుండీల స్టాండు, తులసికోటకు ఇనుప పీట, చెప్పుల అర వంటివి చేసుకోవచ్చును. అవి విడిపోతే నష్టం ఒక కుండీ. ట్రైలరు కొక్కెం, కారును ఎత్తి నిలిపే స్టాండ్లు, నిచ్చెన, పిల్లల ఊయల, బాల్కనీ కటకటాలు ఆ జాబితాలోనివి కావు. వాటిని అతకదలచినవారు స్థానిక కమ్యూనిటీ కాలేజీలలో సాయంకాలం జరిగే వెల్డింగు తరగతులలో చేరి, తమ ముక్కలను మరొకరి చేత వంచి చూపించుకోవలసి ఉంటుంది.